పత్తి చేలో మేం మార్చిన పాట

ఈ సంగతి పదేళ్ళ కిందటే రాయాల్సింది. అప్పుడు నాకు రాయడం రాదు. మా అమ్మ నన్ను బడికి పంపలేదని అనుకుంటారేమో, పంపింది. రెండు రోజులు వెళ్ళాను. మూడో రోజు మా చెల్లెలు పుట్టింది. దాన్ని ఎత్తుకునేవాళ్ళు లేక నన్ను ఇంటి దగ్గర ఉంచారు. దాని తర్వాత ఇంకో ఇద్దరు పుట్టారు. వాళ్ళంతా తమ కాళ్ళ మీద తాము తిరిగేసరికి నేను మిరప చేలో కలుపు తీస్తున్నాను. అక్కడినుంచి పలక పట్టుకునే తీరిక దొరకలేదు. యాభై ఎనిమిదో ఏట, మా చర్చిలో పాస్టరమ్మగారు ఆడవాళ్ళకి చదువు చెప్తానంటే వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు నెమ్మదిగా రాయగలను. ఒత్తుల దగ్గర తడబడితే పాస్టరమ్మగారు దిద్దిపెట్టారు.

నేను ఇరవై రెండేళ్ళు విత్తనం పత్తి పొలాల్లో పనిచేశాను. చివరి తొమ్మిదేళ్ళు కూలీల ముఠాకి మేస్త్రిని. మా ఊరు దర్శికి దగ్గర. ఇప్పుడు మా ఊరి ఆడపిల్లలు షాపుల్లోకీ, బట్టల మిల్లుల్లోకీ, ఆసుపత్రుల్లోకీ పనికి వెళ్తున్నారు. అమ్మాయిలూ, మీ పనులు నాకు తెలియవు. కానీ మీ పనిలో కూడా, ఇది మారిస్తే ఏమవుద్దిలే అనిపించేవి ఉంటాయి. అందుకని చెప్తున్నాను.

మామూలు పత్తి వేరు, విత్తనం పత్తి వేరు. విత్తనం పత్తికి ఆడ చేను ఒకటి, మగ చేను ఒకటి పక్కపక్కన వేస్తారు. రేపు విచ్చుకునే మొగ్గని ఈ రోజు మధ్యాహ్నమే గుర్తుపట్టి, బొటనవేలి గోరుతో చుట్టూ గిల్లి, రేకుల్నీ వాటితోపాటు పుప్పొడి గింజల్నీ ఊడదీయాలి. మధ్యలో ఉండే సన్నటి పుల్ల మాత్రం మిగలాలి. దానికి ఎర్ర కాగితం టోపీ పెట్టాలి. మర్నాడు పొద్దున మగ చేలో పూలు కోసుకొచ్చి ఆ పుల్లకి పుప్పొడి అద్ది, తొడిమకి దారం కట్టాలి. విత్తనాల కంపెనీ ఇరవై, ఇరవై ఐదు రోజులకొకసారి దారం రంగు మార్చేది. ఏ కాయ ఎప్పటిదో ఆ రంగుని బట్టి తెలిసేది.

గిల్లేటప్పుడు ఒక్క పుప్పొడి గింజ అడుగున మిగిలినా ఆ మొగ్గ తనకి తనే కాయ కట్టేస్తుంది. అది విత్తనానికి పనికిరాదు. పైకి చూస్తే అన్ని కాయల్లాగే ఉంటుంది. అందుకని కంపెనీ సూపర్‌వైజరు నాలుగైదు రోజులకొకసారి పొద్దున్నే వచ్చి, ఎర్ర టోపీలు తీసి, భూతద్దం పెట్టి చూసి వెళ్ళేవాడు. చూసిన సంగతి ఒక కార్డు మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, గట్టు మీద పాతిన కర్రకి తగిలించేవాడు.

మా ముఠాలో పదకొండు మందిమి. అందరికంటే పెద్దది ఒకామె ఉండేది, వరసకి నాకు పెద్దమ్మ. అప్పటికి డెబ్భైకి దగ్గరలో ఉండేది. మధ్యాహ్నం పాట ఎత్తుకునేది ఆమే. మా చర్చిలో పాతకాలం నుంచి పాడే కీర్తన ఒకటి, ఎప్పుడూ అదే. ఆమె ఒక చరణం పాడితే మేమందరం పల్లవి అందుకునేవాళ్ళం. ప్రతి వరస చివరా ఆమె గొంతు పైకి ఎత్తి పొడవుగా లాగేది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఊపిరి చాలేది కాదు. చిన్నవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

“పెద్దమ్మ పాట అయ్యేలోపు మొగ్గ పువ్వయ్యి, పువ్వు కాయయ్యి, కాయ పగులుద్ది,” అనేది ఒకతె.

“పగలనీవే. మంచి పత్తే వచ్చుద్ది,” అనేది పెద్దమ్మ, చేతిలో మొగ్గ వదలకుండా.

ఆ ఏడు మేం చేసిన పొలం ఒక కౌలు రైతుది. పక్క ఊరివాడు. వరసగా రెండేళ్ళు మిరప వేస్తే బొబ్బర తెగులు వచ్చి పోయింది. భూమి ఆసామి, ఈ ఏడు కూడా పంట చేతికి రాకపోతే పొలం వేరేవాళ్ళకి ఇస్తానని తెగేసి చెప్పాడు. కంపెనీ విత్తనం తీసుకుంటే ఈయన ఆ నేల మీద నిలబడతాడు. పనికిరాదని పొలాన్ని రద్దు చేస్తే మరుసటి ఏడు ఆయన కూడా మాలాగే కూలికి వెళ్ళాలి. ఈ సంగతి మాకందరికీ తెలుసు. దానికితోడు పూత మంచి ఊపులో ఉండగా ఆయన భార్యకి ఆపరేషన్ అవసరమైంది. ఆమెని తీసుకుని గుంటూరు వెళ్తూ నా దగ్గరకి వచ్చాడు.

“మేస్త్రమ్మా, పొలం నీ చేతిలో పెట్టి పోతున్నా. నాకు అక్కడ ఎన్నాళ్ళు పట్టుద్దో తెలీదు,” అన్నాడు.

మీరు నిశ్చింతగా వెళ్ళిరండి అని పెద్దమనిషిలా చెప్పాను.

ఆయన వెళ్ళిన మూడో రోజున మా ట్రాలీ ఆటో అతను, రేపటినుంచి సాయంత్రం పావుగంట ముందు బయలుదేరాలి అన్నాడు. మిరప నాట్లకి వెళ్ళినవాళ్ళని కూడా ఇళ్ళకి చేర్చే పని ఒప్పుకున్నాడట. పావుగంటే కదా అనుకున్నాం. కానీ పూత జోరు మీద ఉన్నప్పుడు పావుగంట అంటే ఒక్కొక్కరికి అర సాలు. గిల్లకుండా వదిలిన మొగ్గ మర్నాడు విచ్చుకుంటుంది, అది వృథా.

మా ముఠాలో ఆ ఏడే వచ్చిన కోడలు పిల్ల ఒకతె ఉంది. పెదకాకాని వైపు నుంచి మా ఊరికి కోడలుగా వచ్చింది. వాళ్ళ పుట్టింటి దగ్గర ప్రార్థన కూటాల్లో నేర్చుకున్న కొత్త పాట ఒకటి ఆటోలో కూనిరాగం తీస్తూ ఉండేది. చప్పట్లకి తగ్గ పాట. వరస అయిపోవడం ఆలస్యం, వెంటనే ఇంకో వరస అందుకోవాలి. మర్నాడు మధ్యాహ్నం చేలోకి దిగగానే, “ఇవాళ నువ్వు ఎత్తుకోవే, ఆ కొత్తది,” అన్నాను. పెద్దమ్మ వైపు తిరిగి, నీకు కాస్త గొంతుకి విశ్రాంతి అన్నాను. ఆమె తలగుడ్డ సర్దుకుని తన సాలులోకి వెళ్ళింది.

ఆ రోజు పని అరగంట ముందే అయిపోయింది. చేతులు వాటంతట అవే పరుగెత్తాయి. నడుము నొప్పి కూడా తెలియలేదు. ఆటో ఎక్కేటప్పుడు అందరి ముఖాల్లో నవ్వే. పక్క ఊళ్ళకి వెళ్ళే ఇంకో రెండు చిన్న ముఠాలు కూడా ఆ ఆటోలోనే ఎక్కేవి. వాళ్ళు మమ్మల్ని ఏంటింత హుషారుగా ఉన్నారని అడిగారు. కోడలు పిల్ల పాడి వినిపించింది. అప్పటిదాకా వాళ్ళు కూడా మా పాత కీర్తనే పాడేవాళ్ళు, రెండు రోజుల్లో ఇదీ వచ్చేసింది. వారం తిరిగేసరికి మూడు పొలాల్లో ఒకే పాట. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఆ రోజుల్లో మేం కట్టే దారం నీలం రంగు.

సూపర్‌వైజరు ఒక పొద్దున వచ్చినప్పుడు నేను మగ చేలో అవతలి చివర పూలు కోస్తున్నాను. ఆయనకి ఆ రోజు చూడాల్సిన పొలాలు చాలా ఉన్నట్టున్నాయి. చూశాడు, కార్డు రాశాడు, కర్రకి తగిలించి బండెక్కి వెళ్ళిపోయాడు. నేను వచ్చి, ఎప్పటిలాగే ఆ కర్రకే నా క్యారియర్ తగిలించాను. మా పదకొండు మందిలో చదువు వచ్చింది ఆ కోడలు పిల్ల ఒక్కదానికే. ఇది చూసి చెప్పవే అంటే చెప్పేది. నేను అడగలేదు. మేస్త్రిని కదా, కాగితం సంగతి నాకు తెలుసన్నట్టు ఉండేదాన్ని. అప్పటిదాకా ఏ కార్డులోనూ తప్పు రాలేదు కాబట్టి ఇందులోనూ రాదనుకున్నాను. ‘పుప్పొడి మిగులుతోంది. వెంటనే సరిచేయాలి’ అని ఆయన రాసిన మాట మీద ఐదు రోజులు నా అన్నం క్యారియర్ వేలాడింది.

ఐదో రోజు ఆయన మళ్ళీ వచ్చి చూసి, గుంటూరులో ఉన్న రైతుకి ఫోన్ చేశాడు. రైతు నాకు చేశాడు. ఆసుపత్రి వరండాలోనుంచి మాట్లాడుతున్నాడు, వెనక ఎవరివో పేర్లు పిలుస్తున్నారు.

“రాసిపెట్టినా పట్టించుకోలేదంటున్నాడు. ఎవరు సరిగ్గా చెయ్యడం లేదు మేస్త్రమ్మా?”

కాగితం చదవలేదని చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఏదో ఒకటి చెప్పాలి. నోటికి వచ్చింది చెప్పేశాను. “పెద్దమ్మకి చూపు ఆనడం లేదేమోనండి.”

ఆలోచించి అన్న మాట కాదు. అబద్ధమని కూడా అనుకోలేదు. డెబ్భై ఏళ్ళ మనిషికి చూపు తగ్గడం మామూలే కదా అనుకున్నాను. ఆయన, అయితే ఆమెని గిల్లే పనిలో పెట్టకు అన్నాడు. మర్నాటినుంచి పెద్దమ్మని పొద్దున మగ పూలు కోయడానికీ, మధ్యాహ్నం నీళ్ళు మోయడానికీ మార్చాను. నీకు ఎండ తగలకుండా ఉంటుంది అని చెప్పాను. ఆమె సరే అంది. ఆమె మూడు సాళ్ళనీ మిగతావాళ్ళకి పంచాను. పాట ఇంకా జోరుగా సాగింది.

ఇంకో వారానికి, ఒక మధ్యాహ్నం మూడు గంటలప్పుడు సూపర్‌వైజరు, రైతు ఒకే బండి మీద వచ్చారు. రైతు గడ్డం పెరిగి ఉంది. ఆసుపత్రి నుంచి భార్యని ఆ రోజే ఇంటికి తెచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఇటు వచ్చాడట. సూపర్‌వైజరు మంచివాడే, కానీ ఆ రోజు ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. పొద్దుననే పక్క ఊళ్ళ పొలాలు రెండూ రద్దు చేసి వచ్చాడు. మా ఆటోలో వచ్చే ముఠాలు పనిచేసే పొలాలే.

“మూడు పొలాల్లో ఒకటే జబ్బు,” అన్నాడు. “విత్తనం తేడా అనుకున్నా, వాన అనుకున్నా. ఏదీ కాదు. ఆ ముసలామెని మార్చినాక ఇక్కడ తగ్గలేదు, పెరిగింది. మీరు ఎట్టా చేస్తున్నారో నాకు చూపించండి. అది కూడా చూసి, ఇక రాసేస్తా.”

రాసేస్తా అంటే రద్దు అని మాకు తెలుసు. రైతు గట్టు మీద గొంతుకూర్చున్నాడు.

మేం వరసగా నిలబడి గిల్లి చూపించాం. ఆయన ఒక్కొక్కరి దగ్గరా వంగి, ప్రతి మొగ్గకీ భూతద్దం పెట్టి చూశాడు. పది మందివీ బాగానే ఉన్నాయి. రెండోసారి చేయించాడు. అవీ బాగున్నాయి. ఆయన నిటారుగా నిలబడి తల గోక్కున్నాడు. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

పెద్దమ్మ నీళ్ళ బిందె పెట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది. ఆమె గొంతు సవరించుకుని, “పాడుతూ చెయ్యమనండయ్యా,” అంది.

సూపర్‌వైజరుకి అర్థం కాలేదు. “ఏంటమ్మా?”

“ఇప్పుడు మీ ముందు నోరు మూసుకుని చేస్తన్నారు. రోజూ అట్టా చెయ్యరు. పాడుకుంటా చేస్తారు. పాడమనండి.”

కోడలు పిల్ల నా వైపు చూసింది. నేను తల ఊపాను. అది సన్నగా ఎత్తుకుంది, మిగతావాళ్ళు అందుకున్నారు, నేను కూడా. నాలుగు వరసలు అయ్యాయో లేదో, చేతులు రోజూలాగే పరుగెత్తాయి. ఆయన వచ్చి మొదట నా చేతిలో మొగ్గే చూశాడు. అడుగున మూడు పసుపు గింజలు. పక్కామె మొగ్గలో రెండు. కొన్ని శుభ్రంగా ఉన్నాయి, కొన్ని లేవు.

“ఇప్పుడు మీ పాతది పాడండి,” అన్నాడు ఆయన పెద్దమ్మతో.

ఆమె బిందె కింద పెట్టి పాడింది. వరస చివర గొంతు పైకి లాగింది. అక్కడ, ఎవరూ చెప్పకుండానే, పది మందిమీ చేతిలో మొగ్గని ఒకసారి ఇటు తిప్పి, ఒకసారి అటు తిప్పి చూశాం. మిగిలిన గింజ ఉంటే గోటితో తీసేశాం. అప్పటికి ఆ లాగుడు అయిపోయింది, తర్వాతి వరసకి చేతులు ఇంకో మొగ్గ మీదకి వెళ్ళాయి.

ఇరవై రెండేళ్ళు చేశాను ఆ పని. మొగ్గని తిప్పి చూడాలని నాకు ఎవరూ నేర్పలేదు, నేను ఎవరికీ నేర్పలేదు. ఆ చూడడం ఆ పాటలో ఉంది. పాట తీసేస్తే దాంతోపాటు అదీ పోయింది. పోయిందని మా చేతులకి కూడా తెలియలేదు.

కోడలు పిల్ల ఏడుపు ముఖం పెట్టింది. తప్పు దానిది కాదు. నేను సూపర్‌వైజరు దగ్గరకి వెళ్ళి, పాట మార్చమన్నది నేనేనండి, పావుగంట కలిసొస్తుందని మార్చాను, మీరు రాసిన కాగితం నాకు చదవడం రాదు, చదివించుకోనూ లేదు అని చెప్పాను. అందరి ముందూ చెప్పాను. రైతు అప్పుడు తలెత్తి నన్ను చూశాడు.

“ఐదు రోజులు,” అన్నాడు. “నన్ను అడిగితే ఆయన్ని కనుక్కుని ఫోన్లో చెప్పేవాణ్ణి కదా.” తిడితే బాగుండేది.

సూపర్‌వైజరు చాలాసేపు చేలో అటూ ఇటూ తిరిగి వచ్చాడు. పాట మార్చిన రోజునుంచి కట్టిందంతా నీలం దారమేనా అని అడిగాడు. అవునన్నాను. పాట మార్చడానికి ముందు మూడు రోజులు కూడా నీలమే కట్టామని, అంతకుముందంతా పసుపు అని చెప్పాను. అయితే ఒక్కటే దారి ఉంది అన్నాడు. నీలం దారం ఉన్న కాయ ఒక్కటి మిగలకుండా తెంపి పారేస్తే, పసుపు దారం కాయల్నీ ఇకముందు కట్టేవాటినీ కంపెనీ తీసుకుంటుంది. రేపు సాయంత్రం వస్తాను, ఒక్క నీలం దారం కనపడినా రద్దు అన్నాడు. ఎవరి సాలు, ఎవరి చెయ్యి అని తేడా లేదు. అన్నీ పోవాల్సిందే.

చేలో మూడో వంతు కాయలు నీలం దారంవే. రైతు లేచి, మొదటి సాలు దాకా నడిచి, ఒక కాయని చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

“తెంపండి,” అన్నాడు.

ఆ పొలం నిలబడింది. సూపర్‌వైజరు మాట తప్పలేదు. తర్వాత విత్తనం పరీక్షలో కూడా నెగ్గింది. పండింది తక్కువే అయినా, ఆ రైతు ఇంకా ఆ నేలే సాగుచేస్తున్నాడు. కనపడితే పలకరిస్తాడు. పక్క ఊళ్ళ రెండు పొలాల సంగతి అలా కాలేదు. వాళ్ళ కాగితాలు అప్పటికే వెళ్ళిపోయాయి. కారణం తెలిసిందని సూపర్‌వైజరు ఎంత చెప్పినా పైవాళ్ళు, పాటేమిటి, విత్తనమేమిటి అని నవ్వారట. మరుసటి ఏడు ఆ రెండు ఊళ్ళకి కంపెనీ విత్తనం పత్తి ఇవ్వలేదు. రైతులు మళ్ళీ మిరపలోకి వెళ్ళారు. ఆ రెండు ముఠాల ఆడవాళ్ళు గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళారు, కొందరు అక్కడే ఉండిపోయారు. నేను వాళ్ళలో ఒకామెని ఈమధ్య గుంటూరు బస్టాండులో చూశాను. కొడుకు అక్కడే ఆటో కొన్నాడని, బాగానే ఉన్నామని చెప్పింది. ఆ ఏడు జరిగింది మంచికో చెడుకో ఆమెని అడగలేకపోయాను. పావుగంట ముందు బయలుదేరిన మా ఆటోకి మాత్రం మరుసటి ఏడు ఎక్కేవాళ్ళు సగం మందే మిగిలారు.

కొత్త పాట చెడ్డదని నేను అనను. ఇప్పుడు మా చర్చిలో అదే పాడతాం, నేనూ చప్పట్లు కొడతాను. పాతదే పట్టుకుని కూర్చోమని మీకు చెప్పడం లేదు. ఏదైనా మార్చాక నాలుగు రోజులు అక్కడే నిలబడి చూడండి. నేను చూడలేదు, గర్వపడ్డాను.

కాయలు తెంపమన్న మర్నాడు పొద్దున, తెల్లవారగానే పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని టీ కాస్తోంది. నేను గుమ్మంలో నిలబడే చెప్పాను, నీకు చూపు ఆనడం లేదని రైతుకి చెప్పింది నేనే అని.

“తెలుసు,” అంది. “నువ్వు ఫోన్లో అరిచి మాట్లాడతావు. నేనున్న సాలులోకి వినపడింది.”

“మరి అప్పుడే ఎందుకు అనలేదు?”

“అంటే ఏం చేస్తావే. నేను గుడ్డిదాన్ని కాదని నేనే చెప్పుకోవాలా.” గ్లాసులో టీ పోసి నా వైపు జరిపింది. “తాగు. ఆటో వచ్చుద్ది.”

చేలోకి వెళ్ళాక అందరూ ఎవరి సాళ్ళలోకి వాళ్ళు దిగారు. ఆమె మాత్రం తన మూడు సాళ్ళ మొదట్లో నిలబడిపోయింది. నేను ఆమెని తప్పించేలోపు కట్టిన నీలం దారాలు అక్కడ చాలా ఉన్నాయి. కొత్త పాట నడిచినన్నాళ్ళూ ఆమె నోరు కలపలేదు, మొగ్గ తిప్పి చూడడం మానలేదు. అవి మంచి కాయలని నాకు తెలుసు, ఆమెకి తెలుసు. కానీ పోవాల్సిందే.

“నా చేతులు రావట్లేదే. నువ్వు తెంపు,” అంది.

మూడు సాళ్ళూ నేనే తెంపాను. పచ్చి కాయలు, బరువుగా ఉన్నాయి. ఎండ ఎక్కేసరికి బస్తా నిండింది. మూతి కట్టి గట్టు మీదకి లాగబోతే కదల్లేదు. పెద్దమ్మ వచ్చి రెండో చివర పట్టుకుంది.